పసిబిడ్డల కావలి: తలిదండ్రులకొక విన్నపము

కావలి లేని చేను పశువుల పాలగునని యెఱుగని రైతు మన వినగడప ప్రాంతమున లేడు. మామిడి పిందె పట్టినది మొదలు తోటలో గుడిసె వేసికొని రేయింబవళ్లు కాచుకొనువారు మనవారు. కల్లములో ఆరబోసిన మిరపకాయలకు సైతము కావలి పెట్టుదురు. కట్టలేరు పొంగినపుడు చప్టామీద కాలు పెట్టవలదని తల్లి బిడ్డకు నూఱు మారులు చెప్పును. పుట్టలో చేయి పెట్టవలదనియు, దిగుడుబావి దరికి పోవలదనియు చెప్పుటకు సిగ్గుపడిన తలిదండ్రులను మేమెన్నడును చూడలేదు. అయినను ఒక్క యపాయమును గూర్చి మాత్రము మన యిండ్లలో మాట పుట్టదు. పసిబిడ్డల దేహమును దుర్బుద్ధితో తాకువారు లోకమున గలరనియు, అట్టివారినుండి తప్పించుకొను తెరవు ఇట్టిదనియు బిడ్డలకు చెప్పువారు అరుదు. ఈ మౌనము మర్యాద కాదనియు, ఇది కావలి లేని చేను వంటిదనియు మా యభిప్రాయము. కతోలిక కుటుంబములు ఈ మౌనమును వీడుటకు విశ్వాసమే వారికి తోడ్పడునని చూపుట యీ వ్యాసమున మా యుద్దేశము.

“ఇట్టివి పట్టణములలో జరుగును, మన పల్లెలకేమి?” అని కొంద ఱనుకొందురు. 2007వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖవారు 13 రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను విచారించి యొక నివేదికను ప్రకటించిరి. అందు నూటికి 53 మందికి పైగా తాము ఏదో యొక విధమైన లైంగిక దుష్ప్రవర్తనకు గురియైతిమని చెప్పిరి. ఇట్టివి మిక్కిలిగా కనబడిన నాలుగు రాష్ట్రములలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ మొకటి. ఇది ఆడపిల్లలకు మాత్రమే కలుగు నాపద యనుకొనువారికి ఆ నివేదిక కనువిప్పు కావలెను. బాధితులలో సగము కంటె కొంచె మెక్కువమంది మగపిల్లలే. వారిలో పెక్కుమంది తమకు జరిగినదానిని ఎవరితోడను చెప్పికొనలేదు. చెప్పుటకు వారికి మాటలు లేవు. వినుటకు మనకు చెవులు లేవు.

అంతకంటె గమనింపదగిన సంగతి యింకొకటి గలదు. ఆ నివేదిక ప్రకారము దుష్టకార్యము చేసినవారిలో ఇంచుమించు సగముమంది ఆ బిడ్డ యెఱిగినవారే, నమ్మినవారే. మనము బిడ్డలకు “కొత్తవారితో పోవలదు, వారిచ్చిన మిఠాయి తినవలదు” అని నేర్పుదుము. అది మంచిదే, కాని చాలదు. మన పల్లెలలో కొత్తవా డనువాడు ఎవడు? వీధిలో నడచు ప్రతివానిని బాబాయి యనియు, మామయ్య యనియు, తాతయ్య యనియు, అన్న యనియు పిలుచుట మన యాచారము. ఈ యాచారము చక్కనిదే. వరుస కలుపుకొని బ్రదుకుట మన పల్లెలకు అందము. అయినను వరుస కలిపినంత మాత్రమున బుద్ధి మంచిది కాదు. కంచె చేను మేసినచో కాపాడువా రెవ్వరు? కాబట్టి బిడ్డకు నేర్పవలసినది మనిషి కొత్తవాడా పాతవాడా యని కాదు. అతని చేత మంచిదా చెడ్డదా యని.

“పసివారికి ఇట్టి మాటలు చెప్పినచో వారి నిర్మలత్వము చెడును గదా” అని భక్తిగల తల్లులు వెఱతురు. ఈ వెఱపును మేము తేలికగా త్రోసివేయము. 1995వ సంవత్సరమున రోమాపురిలోని కుటుంబ విషయక పరిషత్తువారు వెలువరించిన పత్రములో, సుమారు అయిదేండ్ల ప్రాయము మొదలు యౌవనారంభము వఱకు గల కాలమును నిర్మల కాలముగా పేర్కొని, అక్కఱలేని లైంగిక విషయములతో దానిని కలచివేయరాదని చెప్పిరి. 2002వ సంవత్సరమున అమెరికా దేశపు పీఠాధిపతులు డల్లాసు నగరమున సమావేశమై బాలల సంరక్షణకు ఒక శాసనపత్రమును ఆమోదించి, ప్రతి మేత్రాసనమునందును బాలలకు జాగ్రత్తలు నేర్పవలెనని నిర్ణయించినపుడు, అచ్చటి కతోలిక తలిదండ్రులలో కొందఱు ఈ కారణముచేతనే అభ్యంతరము తెలిపిరి.

వారికి మా సమాధాన మిది. దేహరక్షణ బోధ వేఱు, దాంపత్య ధర్మ బోధ వేఱు. నీటిలో మునిగిన ప్రాణము పోవునని చెప్పుటకు బిడ్డకు ఈత శాస్త్రమంతయు నేర్పనక్కఱలేదు. అట్లే, “నీ బట్టలు కప్పిన చోటులను ఎవ్వరును తాకరాదు, తాకినచో అమ్మతో చెప్పుము” అనుటకు మఱేమియు విప్పి చెప్పవలసిన పని లేదు. నిర్మలత్వమును చెఱచునది ఈ మాట కాదు. ఈ మాట తెలియకపోవుటచేత కలుగు నాపద. 1965వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన రెండవ వాటికను మహాసభ ప్రకటించిన విద్యావిషయక పత్రము సైతము, బిడ్డల వయస్సు పెరిగినకొలది వివేకముతో గూడిన లైంగిక విద్య వారికి అందవలెనని పలికినది. 1981లో రెండవ జాన్ పౌలు జగద్గురువులు కుటుంబమును గూర్చి వ్రాసిన లేఖలో ఈ బోధ తలిదండ్రుల ప్రధాన హక్కనియు విధియనియు నొక్కి చెప్పిరి. హక్కు నాదియని చెప్పుకొని విధిని విడుచుట న్యాయము కాదు. తల్లి చెప్పనిచో సెల్ ఫోను చెప్పును. అది చెప్పు తీరు తల్లి చెప్పు తీరు కాదు.

మన విశ్వాసము దేహమును నీచముగా చూడదు. సర్వేశ్వరుడు మానవుని తన పోలికగా సృజించెననియు, దేవుని కుమారుడు మన దేహమునే ధరించెననియు మనము నమ్ముచున్నాము. జ్ఞానస్నానమున గురువు బిడ్డ శిరముపై నీరు పోసి, పరిశుద్ధ తైలముతో అభ్యంగము చేయును. మన దేహము పవిత్రాత్మకు ఆలయమని పౌలు అపొస్తలుడు కొరింతీయులకు బోధించెను. దేవాలయమునకు తలుపు గలదు, తాళము గలదు. ఎవడు పడిన వాడు పీఠమును తాకుట కొప్పుకొనము. ఆ మర్యాద మనము బిడ్డ దేహమునకు ఇయ్యవలదా? “నీ దేహము సిగ్గుపడదగినది, దానిని గూర్చి మాటాడవలదు” అని పెంచిన బిడ్డకు, కీడు జరిగినపుడు నోరు పెగలదు. “నీ దేహము దేవుడు నీకిచ్చిన పవిత్రమైన సొత్తు” అని పెంచిన బిడ్డ ధైర్యముగా వచ్చి చెప్పును.

ఇంకొక యడ్డంకి విధేయత. పెద్దల మాట చద్దిమూట యని మనము నేర్పుదుము. నాలుగవ యాజ్ఞ తల్లిదండ్రులను గౌరవింపుమని విధించుచున్నది. కాని చెడ్డ పనికి విధేయత లేదు. ఒక యాజ్ఞను పాటించుట నీతికి విరుద్ధమని బిడ్డ మనస్సాక్షికి నిశ్చయమైనచో దానిని పాటింపరాదని 1992లో ప్రకటింపబడిన కతోలిక సత్యోపదేశ గ్రంథము స్పష్టముగా చెప్పుచున్నది. దానియేలు గ్రంథములోని సూసన్న కథ మన దేవాలయములలో తపస్సుకాలమున చదువబడును. ఆమెను చెఱుప నుద్దేశించినవారు దొంగలు కారు, బాటసారులు కారు. ప్రజలచేత గౌరవింపబడిన పెద్దలు, న్యాయాధిపతులు. సభలోనివారు పెద్దలను నమ్మి నిరపరాధినికి మరణము విధించిరి. దానియేలను బాలుడు లేచి వారిని వేఱువేఱుగ ప్రశ్నించి నిజము బయటపెట్టినాడు. తలపండినవాని మాట కనుక నిజమనియు, పిల్లల మాట కనుక అబద్ధమనియు తీర్పు చెప్పరాదని యీ కథ మనకు నేర్పుచున్నది.

మౌనము వలన కలుగు కీడు ఎట్టిదో సమూయేలు రెండవ గ్రంథమున గలదు. దావీదు కుమార్తె తామారును ఆమె సవతి యన్న అమ్నోను బలాత్కరించెను. అబ్షాలోము ఆమెను ఊరకుండుమని చెప్పెను. దావీదు మహారాజు కోపగించెను. కాని కుమారుని దండింపలేదు. తామారు అన్న యింట దిక్కులేనిదై యుండిపోయెను. ఆ పిమ్మట ఆ యింట హత్య జరిగెను, తిరుగుబాటు జరిగెను. ఇంటిగుట్టు లంకకు చేటని మనవారు సామెత చెప్పి ఇట్టి సంగతులను కప్పిపుచ్చుదురు. మా మట్టుకు మాకు, ఈ విషయమున గుట్టే యింటికి చేటు. పరువు పోవునని దాచినచో, దుష్టునికి ఇంకొక బిడ్డను వెదకుకొనుటకు అవకాశ మిచ్చినవార మగుదుము.

అర్చ్యశిష్ట మరియ గొరెట్టి చరిత్ర మన బాలికలకు తెలియును. ఆమె ఇటలీ దేశమున 1890లో పుట్టినది. తండ్రి మలేరియాతో మరణింపగా తల్లి పొలము పనికి పోవుచుండెను. పిల్ల యింటిపని చూచుకొనుచు చెల్లెలిని కాచుచుండెను. 1902వ సంవత్సరము జూలై 5వ తేదీన, ఆ యింటనే కాపురమున్న కుటుంబపు యువకుడు అలెస్సాండ్రో సెరెనెల్లి ఆమెను పొడువగా మఱునాడు మరణించినది. 1950 జూన్ 24న ఆమెకు పునీత పట్టము గలిగినది. ఆ వేళ తల్లి, తక్కినవారు కళ్లములో చిక్కుళ్లు నూర్చుచుండిరి. పత్తి తీతకును మిరపకోతకును తెల్లవారకముందే పోవు మన తల్లులకు ఈ చరిత్ర వేఱొకరిది కాదు. ఆ యువకు డంతకు ముందే ఆమెను వేధించి, చెప్పినచో చంపుదునని బెదిరించియుండెను. భయముచేత ఆ బిడ్డ తల్లితో చెప్పలేదు. భయమును గెలుచునంతటి చనువును తల్లులు ముందుగనే బిడ్డలతో పెంచుకొనవలెనని దీనివలన గ్రహింపవలెను.

ఈ చరిత్రను చెప్పునపుడు ఉపదేశులును ఉపాధ్యాయులును ఒక జాగ్రత్త వహింపవలెను. పోరాడి మరణించినవారే శీలవతులనియు, పోరాడలేకపోయినవారు పాపులనియు బిడ్డలకు తోపనీయరాదు. 410లో రోమానగరము కొల్లగొట్టబడినపుడు బలాత్కారమునకు గురియైన స్త్రీలను గూర్చి అర్చ్యశిష్ట అగస్తీనువారు దైవనగర గ్రంథమున విచారించి, మనస్సు సమ్మతింపనిచో దేహమునకు జరిగిన బలాత్కారము శీలమును హరింపజాలదని నిర్ణయించిరి. బిడ్డకు జరిగిన కీడు బిడ్డ పాపము కాదు. భయముచేత బిగుసుకొనిపోయినను, అఱవలేకపోయినను, మిఠాయి పుచ్చుకొన్నను, చాలకాలము చెప్పకపోయినను పాపము చేసినవానిదే. ఈ యొక్క మాట బిడ్డ చెవిని పడిన చాలును. ఎన్నియో యేండ్ల కన్నీరు తప్పును.

ఇక ఎట్లు నేర్పవలెను? మూడేండ్ల బిడ్డకు స్నానము చేయించునపుడే ఆరంభింపవచ్చును. కన్ను, ముక్కు, చేయి అని నేర్పినట్లే మర్మావయవములకును మర్యాదగల పేరు నేర్పవలెను; పేరు లేనిదానిని గూర్చి బిడ్డ ఫిర్యాదు చేయలేదు. శుభ్రము చేయుటకు తల్లియు, జబ్బు చేసినపుడు తల్లి యెదుట వైద్యుడును తప్ప మఱెవ్వరును ఆ చోటులను తాకరాదనియు, తమవానిని తాకుమనియు చూడుమనియు బిడ్డను అడుగరాదనియు చెప్పవలెను. చుట్టములు వచ్చినపుడు “మామయ్యకు ముద్దు పెట్టు” అని బలవంతము చేయవలదు. చేతులు జోడించి వందనము చేసిన చాలును. మర్యాదకు లోపము లేదు. బిడ్డ “వద్దు” అన్నపుడు ఆ మాటను ఇంటిలో గౌరవించినగదా, వీధిలో ధైర్యముగా “వద్దు” అనగలదు!

బడికి వచ్చు ప్రాయమున మూడు మాటలు కంఠపాఠము కావలెను: వద్దని గట్టిగా అఱచుట, అచ్చటినుండి పరుగెత్తుట, నమ్మినవారితో చెప్పుట. ఒకరు నమ్మకపోయినచో రెండవవారితో, వారును నమ్మకపోయినచో మూడవవారితో, నమ్మువఱకు చెప్పవలెను. ఆ నమ్మదగినవారి పేర్లు అయిదింటిని బిడ్డచేత చెప్పింపుడు. రహస్యములలో రెండు తెగలున్నవని కూడ నేర్పవలెను. పండుగకు తెచ్చిన కొత్తబట్టల ముచ్చట నాలుగు దినములలో బయటపడి అందఱిని సంతోషపెట్టును. “అమ్మతో చెప్పవలదు” అని యెవరైన దాచుమన్న రహస్యము బిడ్డ కడుపులో ముల్లువలె నుండును. దానిని ఆ దినముననే చెప్పివేయవలెను. పెద్దపిల్లలకు సెల్ ఫోను జాగ్రత్త చెప్పవలెను. ముఖము తెలియనివారు స్నేహితులమని చిత్రములు పంపుమనుదురు. పంపినచో వానిని చూపి బెదిరింతురు. పంపిన పిదపనైనను దాచక చెప్పిన యెడల తిట్టమని తలిదండ్రులు ముందే మాట యియ్యవలెను.

బిడ్డ వచ్చి చెప్పినపుడు మన ముఖమే బిడ్డకు మొదటి తీర్పు. కొట్టక, కేకలు వేయక, పదేపదే గ్రుచ్చి యడుగక, “చెప్పి మంచి పని చేసితివి, నీ తప్పు లేదు” అనవలెను. జరిగినది ఇటీవలనే యైన యెడల బట్టలు ఉతుకక దాచి, ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. 2012వ సంవత్సరము నవంబరు 14 నుండి అమలులోనున్న పోక్సో చట్టము 18 ఏండ్లకు లోబడిన బాలురకును బాలికలకును సమానముగా రక్షణ యిచ్చుచున్నది. నేరము జరిగినదని తెలిసినవారెవ్వరైనను పోలీసులకు తెలుపవలసినదే. తెలుపనిచో ఆరు మాసముల వఱకు చెఱసాల, లేక జరిమానా, లేక రెండును గలవు. తన క్రింది ఉద్యోగి చేసిన నేరమును దాచిన సంస్థాధికారికి ఒక సంవత్సరము వఱకు శిక్ష గలదు. బిడ్డ వాఙ్మూలమును ఇంటియొద్దనో బిడ్డ కోరిన చోటనో, పోలీసు దుస్తులు ధరింపని యధికారి, సాధ్యమైనంత వఱకు స్త్రీ, వ్రాసికొనవలెను. బిడ్డను రాత్రివేళ ఠాణాలో ఉంచరాదు. బాలికను స్త్రీ వైద్యురాలే పరీక్షింపవలెను. పత్రికలు బిడ్డ గుర్తు తెలుపరాదు. కాబట్టి పరువు పోవునను భయము చాలవఱకు నిరాధారము. బాలల కొఱకు 1098 అను టెలిఫోను సంఖ్య గలదు. దానిని ప్రతి బిడ్డయు లెక్కల యెక్కమువలె నేర్వవలెను.

ఇచ్చట ఒక మాట దాపరికము లేక చెప్పవలెను. ఈ బోధనుండి ఎవ్వరికిని మినహాయింపు లేదు. ఉపాధ్యాయునికి లేదు, వసతిగృహపు పెద్దకు లేదు, ఉపదేశికి లేదు, మఠవాసులకు లేదు, గురువునకు లేదు. పవిత్ర వస్త్రములు ధరించినవారిలోనే కొందఱు పసివారికి ద్రోహము చేసిరనియు, కొన్ని చోటుల అధికారులు దానిని దాచిరనియు లోకమంతయు ఎఱుగును. శ్రీసభ దానికి సిగ్గుపడినది. ఫ్రాన్సిసు జగద్గురువులు 2014లో బాలల సంరక్షణకై ప్రత్యేక పరిషత్తును నెలకొల్పి, 2019లో ప్రకటించిన శాసనముచేత ఇట్టి నేరములు తెలిసిన గురువులును మఠవాసులును మేత్రాసనమునకు తెలుపవలసినదేయని విధించిరి. ఆ శాసనము దేశ చట్టమును త్రోసివేయదు. పసివారిని ఆటంకపఱచువానికి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రమున పడవేయుట మేలని పలికిన యేసునాథుని మాట మొదట మనకే వర్తించును. పాపసంకీర్తనమున విన్నదానిని గురువు ఎవ్వరికిని చెప్పరాదు. కావున, తమకు కీడు జరిగిన బిడ్డలు ఆ స్థలమున చెప్పి యూరకుండక, వెలుపల అమ్మతోను టీచరుగారితోను తప్పక చెప్పవలెను. బిడ్డను అట్లు చెప్పుమని ప్రోత్సహించుట గురువుల ధర్మము.

మిషను పాఠశాలలు చేయదగిన పనులు కొన్ని గలవు. ఏ పెద్దయు ఒక్క బిడ్డతో తలుపు మూసిన గదిలో నుండరాదు. ప్రత్యేక పాఠములు నలుగురు చూచు చోట జరుగవలెను. వసతిగృహమున రాత్రి కావలికి ఇద్దఱుండవలెను. నియమింపబడు ప్రతివాని పూర్వ ప్రవర్తనమును విచారింపవలెను. బడి తెఱచిన మాసమున తలిదండ్రులను పిలిచి, పిల్లలకు చెప్పబోవు పాఠమును మొదట వారికి చెప్పవలెను. ఇంటి బోధయు బడి బోధయు ఒకటి కావలెను. ఇట్టి పాఠములు పిల్లలను భయపెట్టునను సందేహము అక్కఱలేదు. 2015లో పండితులు కొందఱు వేఱువేఱు దేశములలో జరిగిన 24 పరిశోధనలను, 5,802 మంది పిల్లలకు సంబంధించిన వానిని, పరిశీలించి, పిల్లలకు జ్ఞానమును ఆత్మరక్షణ నేర్పును పెరిగినవనియు, భయము పెరిగినట్లు కనబడలేదనియు తెలిపిరి. అయినను పాఠము చెప్పితిమి గదా యని పెద్దలు నిద్రపోరాదు. అయిదేండ్ల బిడ్డ బలవంతుని ఎదుర్కొనలేదు. కాపాడుట పెద్దల పని. చెప్పుట మాత్రమే బిడ్డ పని.

బాలబాలికలారా! మీరు దేవుని కెంతయో ప్రియమైనవారు. ఎవరైన మిమ్ము బాధపెట్టిన యెడల దేవుడు మీపై కోపగించెనని అనుకొనవలదు. మీ మాట వినుటకు పెద్దలు గలరు, వినువఱకు చెప్పుడు.

తలిదండ్రులారా! ప్రతి బిడ్డకును కావలి సన్మనస్కుని దేవుడు నియమించెనని మనము బిడ్డలచేత దినదినము ప్రార్థన చేయింతుము. ఆ సన్మనస్కునికి ఈ లోకమున నోరును చేతులును మనమే. నేటి రాత్రి జపమాల ముగిసిన పిదప బిడ్డను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, ఈ నాలుగు మాటలు చెప్పుడు. మామిడి తోటకు పెట్టిన కావలిలో సగమైనను మన బిడ్డలకు పెట్టుదుము గాక!